‘పంచ్’ పానీయము: నామచరిత్ర విమర్శనము

ఇప్పుడు ఆసియాఖండమునందలి మహానగరములలోని పానశాలలయందు ఒక క్రొత్తవేడుక ప్రబలియున్నది. చింతపండు, కరివేపాకు, నిమ్మగడ్డి, అల్లము, తాటిబెల్లము, మామిడి, పనస మొదలగు దేశీయద్రవ్యములను మద్యముతోఁ గలిపి ‘కాక్‌టెయిల్’ అను మిశ్రపానీయములను సిద్ధపఱచుచున్నారు. చిన్న కార్ఖానాలలో దేశవాళి ధాన్యములతోను, పండ్లతోను బీరు చేయుచున్నారు. పాశ్చాత్యుల పానపద్ధతికిఁ బ్రాచ్యుల రుచులు నిన్నమొన్న చేరినవని ఈ వేడుకను గూర్చి ముచ్చటించువారు సామాన్యముగాఁ దలంచుచుందురు. ఈ తలంపు చరిత్రమునకు సరిపడదు. పాశ్చాత్యులు లోకమంతట వ్యాపింపఁజేసిన మొదటి మిశ్రపానీయము ప్రాచ్యద్రవ్యములతోనే ఏర్పడినది. దాని పేరు ‘పంచ్’. ఆ పేరు వ్రాతలో మొట్టమొదటఁ గనఁబడు జాబు తెలుఁగుదేశపు రేవునందున్న ఒక వర్తకునికి వ్రాయఁబడినది.

ఈ సంగతి మనకు గర్వకారణమని వెంటనే చెప్పివేయుట సులభము. కాని పరిశోధకునకు గర్వముకంటెఁ బ్రమాణము ముఖ్యము. ఈ పానీయమును గూర్చి సిద్ధించిన దేది, సిద్ధింపని దేది, లోకము మఱచినది యేది అను మూఁడు విషయములను వేఱువేఱుగా విచారించుటయే ఈ వ్యాసమునకుఁ బ్రయోజనము.

1. జాబు, రేవు

1611వ సంవత్సరమున ‘గ్లోబు’ అను ఇంగ్లీషు ఓడ తూర్పుతీరమునకు వచ్చెను. పులికాటులో డచ్చివారి పలుకుబడిచేత దానికిఁ జోటు దొరకలేదు. అంతట అది ఉత్తరముగాఁ బోయి, మొదట పెద్దపల్లెయందును, పిదప మచిలీపట్టణమునందును వ్యాపారమునకుఁ దొడఁగెను. ఈ పెద్దపల్లె తెలంగాణములోని పెద్దపల్లి కాదు. ఇప్పటి బాపట్లజిల్లాలోని నిజాంపట్టణము. ఇంగ్లీషువారి కాగితములలో ఇది పెటాపోలి, పెట్టిపోలి, పట్టాపోలి అని పలువిధములుగా వ్రాయఁబడినది. అప్పటికి ఈ రెండు రేవులును గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానుల యేలుబడిలో నుండెను. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషు వర్తకులకిచ్చిన ఫర్మానాను వారు ‘బంగారు ఫర్మానా’ యని పిలుచుకొనిరి. దానితో వారి వ్యాపారము ఈ తీరమున స్థిరపడెను.

ఆ 1632వ సంవత్సరముననే సెప్టెంబరు 28వ తేదీన రాబర్ట్ ఆడమ్స్ అను నతఁడు పెద్దపల్లెలో వర్తకుఁడుగానున్న థామస్ కోలీకి జాబు వ్రాసెను. వారు ఇల్లు చక్కఁగా నడుపుకొనుచుందురు గాక యని కోరుచు, పంచ్ త్రాగుటను గూర్చి ప్రసంగవశమున ఒక మాట చేర్చెను. ఇంతవఱకు బయలుపడిన వ్రాతలలో ‘పంచ్’ అను పదమునకు ఇదియే ప్రథమప్రయోగము.

ఇచ్చట గమనింపఁదగిన విశేషము ఒకటి కలదు. జాబు వ్రాసినవాఁడు ఆ పదమునకు అర్థము చెప్పలేదు. చెప్పవలసిన యవసరమే అతనికిఁ దోఁచలేదు. వ్రాసినవానికిని, చదువువానికిని అది అప్పటికే పరిచితమైన మాట. కావున పానీయమును, దాని పేరును 1632కు ముందే కుంపిణీవారిలో వాడుకయందుండెనని నిశ్చయింపవచ్చును. కాని ప్రథమప్రయోగము దొరకిన చోటే పదము పుట్టినచోటని చెప్పుట తర్కమునకు నిలువదు. కాగితము నిలిచినచోట సాక్ష్యము నిలుచును. కాగితము నశించినచోట సాక్ష్యము నశించును. ఆ పానీయము ఓడమీఁదనే పుట్టియుండవచ్చును, సూరతునందుఁ బుట్టియుండవచ్చును. పెద్దపల్లెకు దక్కిన గౌరవము జన్మస్థానగౌరవము కాదు, సాక్షిగౌరవము. అదియుఁ దక్కువది కాదు.

2. కల్లు కదలదు, అరకు కదలును

ఇంగ్లీషు నావికులు ఈ క్రొత్తపానీయమును ఏల కల్పించుకొనిరి? వారి దేశమునుండి వచ్చు బీరును, ద్రాక్షమద్యమును నెలలతరబడి సాగు సముద్రయానములో వేఁడికిఁ జెడిపోవుచుండెను. చెడక చేరినది మిక్కిలి వెలగలదై, కొలఁదిమందికే దక్కుచుండెను. తీరమున దిగినవారికి దేశీయమద్యమే గతి.

దేశీయమద్యములలో ముఖ్యమైనది కల్లు. తాటిచెట్టునకు గెలను చెక్కియు, ఈఁతచెట్టునకుఁ దలక్రింది కాండమును చెక్కియు, కోఁతక్రింద లొట్టి కట్టుదురు. అందులోఁ బడు రసము తొలుత తియ్యని నీరా. లొట్టిలోపల సున్నము పూసినచో అది పులియక నిలుచును. ఆ రసమును కాఁచి బెల్లము చేయుదురు. సున్నము లేనిచో గాలిలోను, లొట్టిలోను నుండు సూక్ష్మజీవులు రసములోని చక్కెరను మద్యసారముగా మార్చుటకు కొన్ని గంటలే చాలును. ఉదయపుఁగల్లు సాయంకాలమునకు ముదురును. మఱి కొంత కాలమునకుఁ బులుపెక్కి త్రాగుటకుఁ బనికిరాకుండఁబోవును. అందుచేతఁ గల్లు ఊరు దాఁటదు. గీసినవాఁడును, త్రాగువాఁడును ఒక్కచోటనే యుండవలెను.

పులిసిన రసమును బట్టీపెట్టి ఆవిరిని చల్లార్చి పట్టినచో అది సారాయి యగును. అది చెడదు; పీపాలలో నింపి ఎంతదూరమైనను గొనిపోవచ్చును. అరబ్బీభాషలో ‘అరక్’ అనఁగాఁ జెమట. కుండమూఁతినుండి చెమటబొట్లవలె దిగునది గావున ఆ పేరు వచ్చినది. ఆ మాటయే ఇంగ్లీషువారి నోట ‘అరాక్’ అయినది. మన వైద్యులు ఓషధులనుండి దింపిన సారమును అరకు అనుటయు ఈ మాటచేతనే. గోవాసీమలో కొబ్బరికల్లునుండియు, వంగదేశమునఁ బెల్లమునుండియు, జావాద్వీపములోని బటావియాయందు చెఱకుమడ్డి, బియ్యము, కల్లు కలిపియు అరకు దింపుచుండిరి. కల్లు కదలక పోవుటయు, అరకు కదలఁగలుగుటయు ఈ చరిత్రమునకంతకు మూలకారణము. లోకము చుట్టివచ్చినది అరకు. ఊరిలో నిలిచిపోయినది కల్లు.

అయితే ఆ కాలపు అరకు నోటికిఁ గటువుగా, గొంతుకు ఘాటుగా నుండెడిది. నిమ్మరసపుఁబులుపును, చక్కెరతీపియు ఆ కటుత్వమును మఱుఁగుపఱచును. జాజికాయ వాసనను మార్చును. నీరు తీవ్రతను దగ్గించును. ఇంతే పంచ్ యొక్క రహస్యము.

3. యాత్రికుల సాక్ష్యము

పదునేడవ శతాబ్దపు యాత్రికులు నలువురు ఈ పానీయమును వర్ణించియున్నారు. 1638లో సూరతునకు వచ్చిన జర్మనుఁడు మాండెల్‌స్లో దీనిని ‘పాలెపుంజెన్’ అని వ్రాసి, మద్యము, పన్నీరు, నిమ్మజాతి ఫలరసము, చక్కెర అను నాలుగు ద్రవ్యములను జెప్పెను. ఫ్రెంచివాఁడు ల బుల్లాయె ల గూజ్ 1653లో ‘బొల్లెపొంజ్’ అని పేర్కొని, చక్కెర, నిమ్మరసము, మద్యము, జాపత్రి, కాల్చిన రొట్టెబిళ్ల అని ఐదింటిని జెప్పెను. మొగలాయి దర్బారున వైద్యుఁడుగానున్న బెర్నియే ‘బూలెపొంజ్’ అని వ్రాసి, బెల్లపుసారాయి, నిమ్మరసము, నీరు, జాజికాయ అను నాలుగింటినే పేర్కొని, రుచికరమైనను దేహమునకు మిక్కిలి హానికరమని హెచ్చరించెను. 1672 మొదలు 1681 వఱకు ప్రాచ్యదేశములలో సంచరించిన ఇంగ్లీషు వైద్యుఁడు జాన్ ఫ్రయర్ తన గ్రంథమును 1698లోఁ బ్రకటించెను. గోవాదగ్గఱి నెరూలులో మేలైన అరకు దొరకుననియు, దానితో ఇంగ్లీషువారు చేసికొను పానీయమునకు ‘పాంచ్’ అని పేరనియు, హిందూస్థానీలో ఆ మాటకు ఐదు అని అర్థమనియు, ఐదు ద్రవ్యములచేత ఆ పేరు కలిగెననియు నతఁడు వ్రాసెను.

పాలెపుంజెన్, బొల్లెపొంజ్, బూలెపొంజ్ అను ఈ రూపములన్నియు ఇంగ్లీషువారి ‘బౌల్’, ‘పంచ్’ అను రెండు మాటల కలయికకు వికృతులు. బౌల్ అనఁగాఁ గలశమువంటి పెద్దపాత్ర. ఇతర ఐరోపీయులు ఈ పేరును దేశీయులనుండి గాక, ఇంగ్లీషువారి నోటినుండి వినిరని దీనివలన స్పష్టమగుచున్నది. పద్ధతి ఎవరిదైనను, పేరు వ్యాపింపఁజేసినవారు ఇంగ్లీషువారే.

4. ‘పంచ’ వ్యుత్పత్తి విచారము

సంస్కృతమున ‘పంచ’, హిందూస్థానీలో ‘పాంచ్’, పారసీకమున ‘పంజ్’ ఐదునకు వాచకములు. ఐదు ద్రవ్యముల కూర్పునకు ఐదుచేతనే పేరిడుట మనదేశమున అతిప్రాచీనమైన ఆచారము. పంచామృతము, పంచగవ్యము, పంచలవణము, పంచకోలము అను పేరులు పండితులకు సుపరిచితములు. ఈ సామ్యమును బట్టి పంచ్ శబ్దము ‘పంచ’ నుండి పుట్టెనని అనేకులు నమ్మిరి. 1886లో వెలువడిన యూల్, బర్నెలుల ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ వ్యుత్పత్తికిఁ బ్రచారము కల్పించెను.

దీనికి మూఁడు ఆక్షేపణలు కలవు. మొదటిది: ద్రవ్యముల సంఖ్య స్థిరముగా లేదు. పైఁ జెప్పిన యాత్రికులలో ఇద్దఱు నాలుగే చెప్పిరి. ఐదు చెప్పిన ల బుల్లాయె ల గూజ్ కాల్చిన రొట్టెను లెక్కలోఁ జేర్చి, నీటిని విడిచెను. రెండవది: ధ్వనిశాస్త్ర సంబంధమైనది. 1632 నాఁటికి ఇంగ్లీషులో ఈ పదమునందలి యచ్చు ఇప్పటివలె అకారమునకు సమీపముగా నుండక, ఉకారముగానే పలుకఁబడుచుండెను. అనఁగా నాఁటి ఉచ్చారణ ‘పుంచ్’ వంటిది. జర్మనుని ‘పుంజెన్’, ఫ్రెంచివారి ‘పొంజ్’ దీనినే బలపఱచుచున్నవి. అకారయుక్తమైన ‘పంచ’ వెంటనే ఉకారయుక్తముగా మారుటకుఁ గారణము చూపవలెను. మూఁడవది: ఈ మద్యమిశ్రమమును ‘పంచ’ యని వ్యవహరించిన దేశీయగ్రంథమేదియుఁ బ్రమాణముగాఁ జూపఁబడలేదు. ఫ్రయర్ చెప్పినది అర్థమే గాని, వాడుకకు సాక్ష్యము కాదు. అతఁడు వ్రాయునాఁటికి ఆ పేరు పుట్టి నలువది యేండ్లు దాఁటినది. పేరు పుట్టినపిదప దానికి సులభమైన అర్థమును గల్పించుకొనుట లోకసహజము. మన ఊళ్ల పేరులకు స్థలపురాణములు కల్పించిన వ్యుత్పత్తులు ఎన్ని లేవు!

ఈ యాక్షేపణలు చేసినవారు ప్రతిపాదించిన వ్యుత్పత్తి వేఱొకటి. ఓడలలో మద్యము నింపు పీపాను ఇంగ్లీషున ‘పంచన్’ అందురు. నావికులు ఆ మాటను గుఱుచ చేసి పంచ్ అనిరని వీరి మతము. ఇది ధ్వనికిఁ జక్కఁగా సరిపోవును. కాని దీనికిని లోపము లేకపోలేదు. పీపాపేరు పీపాలోనున్న మద్యమునకు రావచ్చును గాని, పాత్రలోఁ గలిపిన మిశ్రమునకే ప్రత్యేకముగా ఏల వచ్చెనో వారు తృప్తికరముగాఁ జెప్పఁజాలలేదు.

ఇరుపక్షములను దూఁచి చూడఁగా, ‘పంచ’ వ్యుత్పత్తి సంభావ్యమే గాని సిద్ధము కాదని చెప్పుట న్యాయము. నావికుల ‘పుంచ్’ అను మాటయు, దేశీయుల ‘పాంచ్’ అను మాటయు ఒండొంటికి దగ్గఱగా వినఁబడుటచేత రెండును గలిసిపోయి, ఐదు ద్రవ్యముల నియమము తరువాత ఏర్పడియుండవచ్చునని నాకుఁ దోఁచుచున్నది. ఇది ఊహయే, దీనిని సిద్ధాంతముగాఁ జెప్పుట లేదు. మన పాఠ్యపుస్తకములలోను, ఉపన్యాసములలోను మాత్రము ‘ఇంగ్లీషు పంచ్ మన పంచయే’ యని నిస్సంశయముగాఁ జెప్పుట మానవలెను. నిజమైన గౌరవమునకు అతిశయోక్తి అక్కఱలేదు.

5. పానకమునకుఁ బంచ్‌నకు సామ్యము

పదమును విడిచి పదార్థమును జూచితిమేని మన హక్కు ఇంకను బలముగా నున్నది. పంచ్‌నందలి ద్రవ్యములలో అరకును దీసివేసి చూడుఁడు. మిగిలినవి తీపి, పులుపు, సుగంధద్రవ్యము, నీరు. ఇది మన పానకమునకు అతిసమీపమైనది. శ్రీరామనవమికి మన యింటింటఁ జేయు పానకములో బెల్లము, నీరు, మిరియము, ఏలకి యుండును. నిమ్మరసమును గూడఁ గొందఱు చేర్తురు. నిజాంపట్టణము చిరకాలము చేరియుండిన గుంటూరుజిల్లాయందే మంగళగిరిలో పానకాల నరసింహస్వామికిఁ బానకమే నైవేద్యము. ఉత్తరదేశమున ముసల్మానుల వాడుకలోనున్న షర్బతు కూడ ఇట్టిదే. పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లీషువారు పంచ్ చేయునపుడు మద్యము చేర్పక ముందున్న నిమ్మరసము, చక్కెర, నీరుల మిశ్రమమును ‘షెర్బెట్’ అనియే పిలుచుచుండిరి. షర్బతు, పానకములకు అరకు చేర్చుటయే పంచ్ యొక్క జన్మవిధానమని ఈ మాట సూచించుచున్నది.

మద్యమున సుగంధద్రవ్యములను గలుపుటయు మనదేశమునకుఁ గ్రొత్త కాదు. కౌటిలీయార్థశాస్త్రమున రెండవ యధికరణమునందు సురాధ్యక్షప్రకరణము కలదు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అను భేదములును, వాని కొలఁతలును అందు వివరింపఁబడినవి. మేదకమునకు ఒక ద్రోణము నీరు, అర యాఢకము బియ్యము, మూఁడు ప్రస్థముల కిణ్వము. కిణ్వమనఁగా మినుములు, బియ్యము మొదలగువానితోఁ జేసిన పులియఁబెట్టు ముద్ద. ప్రసన్నకు పిండియు, కిణ్వమును, పోఁకచెట్టు పట్టయు చేరును. వెలఁగపండుతో ఆసవము, బెల్లము, పిప్పళ్లు, మిరియములతో మైరేయము, మామిడితో సహకారసుర. ధాన్యమును బులియఁబెట్టి దేశీయఫలములతోను, సుగంధములతోను రుచి గూర్చుటయే నేఁటి చిన్న బీరుకార్ఖానాల విద్య యైనచో, దాని సూత్రములు ఈ ప్రకరణముననే కనఁబడుచున్నవి. చరకసంహిత సూత్రస్థానమునందు ధాన్య, ఫల, మూల, సార, పుష్ప, కాండ, పత్ర, త్వక్, శర్కరలు అను తొమ్మిది యోనులనుండి 84 విధములైన ఆసవములు లెక్కింపఁబడినవి. ఫలములనుండియే 26 విధములు.

కౌటిల్యుని ప్రకరణములో మఱియొక వాక్యము చరిత్రకారుఁడు మఱవరానిది. సురకును, కిణ్వమునకును వలయు సంస్కారపుఁ బనిని స్త్రీలును, బాలురును జేయవలెనని అతఁడు విధించెను. మద్యము త్రాగిన రాజుల కథలు కావ్యములలోఁ గోకొల్లలు. దానిని జేసిన చేతులను గూర్చి మాత్రము ఈ యొక్క వాక్యమే మిగిలినది.

6. లోకసంచారము, పునరాగమనము

పంచ్‌నందు వాడిన జాజికాయ, జాపత్రి బందాద్వీపములలోఁ బండునవి. డచ్చివారును, ఇంగ్లీషువారును మచిలీపట్టణపుసీమలో నేసిన బట్టలను గొనిపోయి ఆ ద్వీపప్రాంతములందు సుగంధద్రవ్యములకు మార్చుచుండిరి. కావున ఒక్క పంచ్ పాత్రలో తెలుఁగు నేఁతగాని శ్రమ, బందావాసుల తోఁట, అరకు దింపినవాని బట్టీ యొకచోటఁ గలిసినవి.

ఆ పాత్ర పిమ్మట ఐరోపాకుఁ బోయెను. 1731లో లండనునందు లడ్‌గేట్ హిల్ మీఁద జేమ్స్ ఆష్లీ పంచ్ విక్రయశాలను దెఱచెను. ఆ సంవత్సరముననే స్థాపింపఁబడిన స్వీడను తూర్పిండియా సంఘము బటావియా అరకును దమ దేశమునకుఁ గొనిపోఁగా, అచ్చట ‘పున్ష్’ అను పేరుతో అది జాతీయపానీయముగా మారెను. 1806లో న్యూయార్కు రాష్ట్రములోని హడ్సనుపట్టణపుఁ బత్రికయందు ‘కాక్‌టెయిల్’ అను మాటకు నిర్వచనము వెలువడెను: మద్యము, చక్కెర, నీరు, చేఁదుమూలికల సారము. ఇందు నిమ్మరసము పోయినది; జాజికాయ స్థానమునఁ జేఁదు వచ్చినది; మిగిలిన కూర్పు పంచ్‌నకు సమీపబంధువే. 1862లో జెర్రీ థామస్ అమెరికాలోఁ బ్రకటించిన మిశ్రపానీయగ్రంథము పంచ్ ప్రకరణముతోనే యారంభమగుచున్నది.

ఇప్పుడు ఆ విద్య మరలఁ దూర్పునకు వచ్చుచున్నది. జపానులో బీరు తయారీకి ఏఁటికి 2,000 కిలోలీటరుల కనీసపరిమితి యుండఁగా, 1994లో దానిని 60 కిలోలీటరులకుఁ దగ్గించిరి. దానితో ఊరూరఁ జిన్న కార్ఖానాలు వెలసినవి. 1823 నుండి బియ్యపుమద్యము చేయుచున్న కియుచీ వంశీయులు 1996లో బీరు ప్రారంభించి, ఎఱ్ఱబియ్యముతోఁ జేసిన బీరునకుఁ బేరుపడిరి. గోవాలోని జీడిమామిడి ఫెనీ 2009లో భౌగోళికసూచిక ముద్రను, 2016లో రాష్ట్రవారసత్వపానీయమను గౌరవమును బొందినది. జీడిమామిడి బ్రెజిలునుండి పోర్చుగీసువారు తెచ్చిన చెట్టు అని తలఁచినచో, దేశీయరుచి యనుటయుఁ గాలమే కట్టిన పేరని తెలియును. మన హైదరాబాదులో 2023లో ప్రభుత్వము నీరా విక్రయశాలను దెఱచినది. మునుపు ఊరి వెలుపల తాటితోపులో మాత్రమే దొరకిన రసము నగరమధ్యమునఁ గూర్చుండి త్రాగఁదగినదైనది.

7. మఱవఁబడినవి

ఇంతవఱకుఁ జెప్పినది పాత్ర చరిత్రము. పాత్ర నింపినవారి చరిత్రము వేఱు. మద్రాసు రాజధానిలో 1886వ సంవత్సరపు ఆబ్కారీ చట్టము వచ్చినపిదప, చెట్టుపన్ను, లైసెన్సు, వేలముపాట అను మూఁడు కట్లలోఁ గల్లుగీఁత చిక్కుకొనెను. అనుమతి లేక కాఁచినవాఁడు నేరస్థుఁడయ్యెను. అరకు పన్నురాబడికి మూలమయ్యెను. ఐరోపాకుఁ బోయి ‘పంచ్’ అని మర్యాదపొందిన అరకే ఇచ్చట ‘నాటుసారా’ యని నీచముగాఁ జూడఁబడెను. ద్రవ్యమొకటే, గౌరవము రెండు. నేఁటి పానశాలలో తాటిబెల్లము చేర్చిన పాత్రకు వెల ఎంతయో యుండవచ్చును. ఆ బెల్లమునకై మోకు కట్టుకొని చెట్టెక్కినవాని పేరు ఆ పట్టికలో నుండదు.

అయినను ఈ యన్యాయమును జెప్పుటలో మఱొక యన్యాయమును గప్పిపుచ్చరాదు. సారాయివలనఁ గుటుంబములు చెడిన చరిత్రము మన తీరమునకు దూరమైనది కాదు. 1937లో సేలము జిల్లాయందు మొదలైన మద్యనిషేధము 1938లోఁ జిత్తూరు, కడప జిల్లాలకు వచ్చెను. పిదప 1980 తరువాతి దశకమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ‘వారుణివాహిని’ యను పురాణసుందరమైన పేరుతో సారాయిని సంచులలో నింపి యమ్మించెను. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు దానిని ప్రతిఘటించిరి. రాత్రిబడులలోని వాచకపుఁబాఠములు వారిని గదలించినవి. ఆ యుద్యమమువలన 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాయి నిషేధింపఁబడెను; 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపఁబడెను. అక్షరము నేర్చిన స్త్రీ మొదట చదివినది తన యింటి దుఃఖమునే. బెర్నియే పదునేడవ శతాబ్దమునఁ జేసిన హెచ్చరికను ఈ స్త్రీలు తమ జీవితములనుండి తిరిగి చెప్పిరి. పానీయచరిత్రము వ్రాయువాఁడు రుచిని గూర్చి వ్రాసి, ఈ దుఃఖమును విడిచెనేని ఆ చరిత్రము సగమే యగును.

8. ఉపసంహారము

ఈ విచారమువలనఁ దేలినది ఇది. పంచ్ శబ్దపు ప్రథమలిఖితప్రయోగమునకుఁ దెలుఁగురేవైన పెద్దపల్లె సాక్షి; ఇది సిద్ధము. ఆ శబ్దము ‘పంచ’ నుండి పుట్టుట సంభావ్యము, సిద్ధము కాదు. పానకము, షర్బతులకు అరకు చేర్చుటచేత ఆ పానీయము ఏర్పడెననుట యుక్తియుక్తమైన ఊహ. దేశీయరుచులతో మద్యమును గూర్చుట మాత్రము నిన్నటి వేడుక గాక, అర్థశాస్త్రమునాఁటినుండి వచ్చుచున్న విద్య.

చేయవలసిన పనియు ఒకటి మిగిలియున్నది. కల్లుగీఁతకు సంబంధించిన పనిముట్ల పేరులు, కల్లు భేదముల పేరులు, చెట్టు భేదముల పేరులు, కొలఁతల పేరులు జిల్లాజిల్లాకు మాఱుచు ఇప్పటికిని గౌడుల నోటను, ఈడిగవారి నోటను, శెట్టిబలిజల నోటను నిలిచియున్నవి. వృత్తి సన్నగిలుచున్నకొలఁది ఆ మాటలును నశించును. ఇంగ్లీషువాని జాబులోని యొక్కమాటను 1632 నుండి భద్రపఱచిన ప్రపంచము, మన చెట్టెక్కినవాని మాటలను భద్రపఱచలేదు. పాఠశాలలయందలి పండితులు తమతమ గ్రామములలోని వృద్ధులను అడిగి ఆ పదములను సేకరించి ఇట్టి పత్రికలకుఁ బంపుదురేని, మన నిఘంటువులకు మిక్కిలి మేలగును. పెద్దపల్లె రేవునకు దక్కిన సాక్షిగౌరవమునకు అప్పుడుగాని మనము తగినవారము కాఁజాలము.